లచ్చి భోజనానికి హోటల్ ఎంపిక కమిటీ

జనగామ వాస్తవ్యులు, ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటు అయిన శ్రీ మాన్‌సింగ్, ఆయన సతీమణి శ్రీమతి లచ్చి దంపతుల ఇరవై ఐదో పెళ్లిరోజు భోజనం కోసం హన్మకొండలో హోటల్ ఎంపిక చేసే కార్యక్రమం అత్యంత ప్రశాంత వాతావరణంలో ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. భోజనం సంగతే కమిటీ మరిచిపోయిందని గిట్టనివాళ్లు కొందరు ప్రచారం చేస్తున్నారు. అది శుద్ధ అబద్ధం. భోజనాన్ని కమిటీ ఒక్క పూట కూడా మరిచిపోలేదు. అది ఎవరి భోజనమన్నదే కాస్త మరిచిపోయింది.

అసలు కోరిక చాలా చిన్నది. ఒకరోజు రాత్రి మొగుడికి జొన్నరొట్టె వడ్డిస్తూ లచ్చి అంది.

"ఏమయ్యా, పెండ్లయి గిన్నేండ్లాయె. బంగారం అడగలే, పట్టుచీర అడగలే. గీ పెండ్లి దినం నాడు హన్మకొండల మంచి హోటల్ల కూసోబెట్టు. ఎవలన్న తెచ్చిపెడితె ఉడుకుడుకుగ తింట. మనిద్దరమే. నిమ్మలంగ."

ఆ ఇంట్లో భోజనాలకు ఒక క్రమం ఉంది. ముందు మాన్‌సింగ్, తర్వాత పిల్లలు, ఆ తర్వాత ఆ పూట ఎవరు దిగబడితే వాళ్లు. అందరూ లేచాక, పొయ్యి ఆరాక, కూర చల్లబడ్డాక లచ్చి. అది కూడా నిలబడే, ఎందుకంటే ఆమె కూర్చోగానే ఎవరికో ఒకరికి మంచినీళ్లు గుర్తొస్తాయి. "నేను కూసుని తిన్నది పెండ్లినాడు ఒక్కనాడే. ఆనాడు సిగ్గుతోని ముద్ద దిగలే," అంటూ నవ్వింది. మాన్‌సింగ్‌కు నిజంగానే మనసు కలుక్కుమంది. "పోదాం తియ్," అన్నాడు.

మాన్‌సింగ్ మంచివాడే. కాకపోతే నలుగురిని అడగనిదే టమాటలు కూడా కొనడు. మర్నాడు ఆఫీసు ముందు చాయ్ తాగుతూ, "అన్నా, హన్మకొండల ఏ హోటల్ మంచిగుంటది?" అని ఉద్యోగ సంఘం నాయకుడు రాజలింగాన్ని అడిగేశాడు.

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి బయటి పాఠకులకు చెప్పాలి. మా దగ్గర తిండి గురించి ఒక మనిషిని సలహా అడిగితే ఆ తిండికి అతణ్ణి పిలిచినట్టే. అడిగి, వదిలేసి, మీరొక్కరే తిని వస్తే ఆ అవమానం తరతరాలు ఉంటుంది. భూమి తగాదాలు కోర్టులో తేలతాయి గానీ ఇలాంటివి తేలవు. ఇది మాన్‌సింగ్‌కు తెలియక కాదు. చాయ్ మత్తులో నోరు జారింది.

"ఎందుకే, దావతా?" అన్నాడు రాజలింగం.

"లే అన్నా, పెండ్లి దినం. ఊకె మేమిద్దరం..."

"ఇద్దరేందయ్యా! ఇద్దరు తింటె దాన్ని బువ్వంటరు, దావతంటరా? పరేషాన్ గాకు, నేనొస్త."

పక్కనే టైలర్ ఇక్బాల్ చాయ్ ఊదుకుంటున్నాడు. జనగామలో ఏ పెళ్లి బిర్యానీలో ఉప్పు తగ్గిందో చెప్పగల మనిషి. "భయ్యా, బిర్యానీ సంగతి నన్ను అడగకుంట హోటల్ దేవులాడుతున్నవా?" అని నొచ్చుకున్నాడు. మనిషి నొచ్చుకున్నాక పిలవక తప్పుతుందా?

సాయంత్రానికి వార్త దేవరుప్పుల దాటి పెద్దవంగర పక్కన తండాకు చేరింది. అక్కడ మాన్‌సింగ్ అన్న లింగ్యా పెద్దమనిషి. తండాలో పంచాయితీ ఏదైనా ఆయన లేనిదే మొదలుకాదు, ఆయన ఉంటే ముగియదు. వెంటనే ఫోన్ చేశాడు.

"తమ్మీ, నీ పెండ్లి చేసింది నేను. నీ దావత్ సంగతి పరాయోళ్లు చెప్తె నాకు తెలువాల్నా? నేను సచ్చిన్ననుకున్నవా?"

చావు మాట వచ్చాక ఎవరు మాత్రం ఏం చేస్తారు! మాన్‌సింగ్ లొంగిపోయాడు. రాత్రికి భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేసే లచ్చి తమ్ముడు నగేష్ కూడా ఫోన్ చేశాడు. "పిల్ల దిక్కోళ్లు లేకుంట కమిటీ ఏంది బావా?" అన్నాడు. అప్పటివరకు కమిటీ అన్న మాట ఎవరూ అనలేదు. ఆయన అన్నాక అది ఏర్పడింది.

లింగ్యా అధ్యక్షుడు. రాజలింగం కన్వీనర్. ఇక్బాల్ బిర్యానీ వ్యవహారాల సభ్యుడు. నగేష్ ఆడపెళ్లివారి ప్రతినిధి. మాన్‌సింగ్‌కు కుర్చీలు తెచ్చే బాధ్యత అప్పగించారు. విషయం లచ్చిది కాబట్టి సమావేశాలు లచ్చి ఇంట్లోనే జరపాలనీ, ఆకలి మీద తీసుకున్న నిర్ణయాలు నిలవవు కాబట్టి భోజనానంతరమే చర్చ మొదలుపెట్టాలనీ తీర్మానించారు. వంట ఎవరు చేయాలన్నది చర్చకు రాలేదు. అంత తెలిసిన విషయాన్ని చర్చించడం టైం దండగ.

తొలి సమావేశంలో అధ్యక్షుడు మేక మాంసం కూరతో నాలుగు రొట్టెలు ముగించి, మీసం తుడుచుకుని ప్రసంగించాడు.

"లచ్చి మనింటికొచ్చినసంది ఒక్కనాడు కూసోని తినలే. గిది మనకందరికి సిగ్గు. గా లచ్చిని కూసోబెట్టాలె! ఆమెను కూసోబెట్టేదాంక మనం లెవ్వద్దు!"

చప్పట్లు మోగాయి. నగేష్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"లచ్చీ," అన్నాడు అధ్యక్షుడు అదే గొంతుతో, "జర నీళ్లు తే బిడ్డా."

ముందు ఏ ఊరన్న సమస్య వచ్చింది. అక్క పుట్టింటి గౌరవం భూపాలపల్లిలో ఉందని నగేష్, తండా దాటి దావతేందని లింగ్యా, జనగామను చిన్నచూపు చూస్తే సంఘం ఊరుకోదని రాజలింగం పట్టుబట్టారు. ముగ్గురిలో ఎవరు గెలిచినా మిగతా ఇద్దరికీ తలవంపులే. కాబట్టి ముగ్గురూ సమానంగా ఓడిపోయే ఊరు వెతికారు. అలా చాలా గొడవ తర్వాత హన్మకొండ తేలింది. ఈ అద్భుతమైన ఆలోచన చేసినందుకు రాజలింగాన్ని అభినందించారు. "నేను మొదలు చెప్పింది గదే గద," అన్న గొంతు వంటింట్లోంచి వినిపించింది గానీ అప్పుడే కుక్కర్ కూత వేయడంతో సరిగా అర్థం కాలేదు.

ఆ తర్వాత హోటళ్లు ఒక్కొక్కటే కమిటీ ముందు తల వంచాయి. ఒకదాంట్లో దీపాలు గుడ్డిగా ఉంటాయి. "నోట్లె పెట్టుకున్నది ముక్కనో మిరపకాయనో తెలువకుంటె ఎట్ల?" అన్నాడు ఇక్బాల్. ఇంకోదాంట్లో పాటలు పాడతారు, మనం మాట్లాడుకునేది ఎవరికీ వినపడదు. మరోదాంట్లో గిన్నెలు వరసగా పెట్టి ఎవరిది వాళ్లే వడ్డించుకోవాలట. "మన కాళ్లమీద మనం పోయి తెచ్చుకునుడు దావతా? గిది బిచ్చం," అని అధ్యక్షుడు కొట్టిపారేశాడు. నాలుగో హోటల్లో కూర్చున్న చోటికే తెచ్చి, నెమ్మదిగా, అడిగి అడిగి వడ్డిస్తారని తెలిసింది. అంత అడిగేవాళ్ల దగ్గర మర్మం ఏదో ఉంటుందని అనుమానించి దాన్నీ పక్కన పెట్టారు.

ఫోన్లో హోటళ్లకు జనం ఇచ్చిన స్టార్ల చుక్కలు చూద్దామని నగేష్ అన్నాడు. చూశారు. ఒకాయన హోటల్ మూసి ఉన్నందుకు ఒక చుక్క ఇచ్చాడు. ఇంకొకాయన తానింకా వెళ్లలేదనీ, కానీ బావుంటుందని విన్నాననీ అయిదు చుక్కలిచ్చాడు. ఈ రెండో ఆయన పద్ధతి కమిటీకి నచ్చింది. అయినా బాధ్యత బాధ్యతే కనుక జీపు మాట్లాడుకుని స్వయంగా తనిఖీకి బయల్దేరారు. మూడు హోటళ్లలో నిష్పక్షపాతంగా తిన్నారు. చీకటి పడే వేళకు తిరిగొచ్చి, పట్నం తిండి కడుపుకు పట్టదని ఏకగ్రీవంగా చెప్పి, లచ్చి వేడివేడిగా వండిపెట్టిన అన్నం తిన్నారు. తనిఖీకి లచ్చి కూడా వస్తానంది. జీపులో జాగా లేకపోయింది.

ఇంతలో పిడుగులాంటి సంగతి బయటపడింది. పెళ్లిరోజు శనివారం వచ్చింది. రాజలింగం శనివారం ముక్క ముట్టడు. కన్వీనర్ పప్పు తింటుంటే సభ్యులు మాంసం తినడం సంఘ సంప్రదాయానికే మచ్చ. రెండు పూటలు తర్జనభర్జన పడి, ఇరవై ఐదేళ్ల కిందట ఆ పెళ్లి మర్నాడు జరిగినట్టుగా పరిగణిస్తూ, పెళ్లిరోజును ఆదివారానికి మార్చారు.

"నా పెండ్లి గద బావా," అంది లచ్చి తలుపు దగ్గర నిలబడి.

"పెండ్లి నీదే బిడ్డా," అన్నాడు లింగ్యా ప్రేమగా, "దావత్ అందరిది."

లచ్చి లోపలికి వెళ్లి పెసరపప్పు కడిగింది.

అసలు పెళ్లిరోజయిన శనివారం నాడు తుది సమావేశం పెట్టారు. పొద్దున్నే లచ్చి తలస్నానం చేసి, బీరువాలోంచి కొత్త చీర తీసి కట్టుకుని మొగుడి ముందు నిలబడింది. "వస్తవా?" అంది.

"యాడికి?"

"హన్మకొండకు."

"ఇయ్యాల ఎట్లనే? మీటింగున్నది. మనదే గద ముచ్చట!"

"సరే, నువ్వు మీటింగ్ చూస్కో," అని ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని బస్టాండుకు నడిచింది. ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఆ పథకం వల్ల ఏం ఒరిగిందని అడిగేవాళ్లు కింది పేరా చదవాలి.

హన్మకొండలో బస్సు దిగి, రోడ్డు దాటి, ఎదురుగా కనిపించిన హోటల్లోకి వెళ్లి ఫ్యాను కింద కూర్చుంది. హోటల్ ఎంపిక పూర్తయింది. కుర్రాడొకడు పొగలు కక్కే అన్నం, చేపల పులుసు తెచ్చిపెట్టాడు. లచ్చి మొదటి ముద్ద ఊదుకుని తింది. నాలుక చుర్రుమంది. ఆ చురుకు ఎంత బాగుందో చెప్పలేం. సగం తిన్నాక ఆ కుర్రాడే వచ్చి, "అక్కా, ఇంకింత పెట్టాల్నా?" అన్నాడు. ఆ మాట లచ్చి ఇన్నేళ్లుగా లోకంలో అందరినీ అడుగుతూనే ఉంది. తనను ఒకరు అడగడం ఇదే మొదలు. కళ్లు నిండిపోయాయి. "పులుసు కారంగున్నదా అక్కా?" అని కుర్రాడు కంగారు పడ్డాడు. "లే తమ్మీ, మంచిగున్నది, పెట్టు," అంది. పెట్టించుకుంది. మళ్లీ పెట్టించుకుంది. ఖాళీ కుర్చీ కోసం ఒక పెద్దమనిషి పక్కనే నిలబడి గొంతు సవరించుకున్నాడు. లచ్చి ఆయన వంక చూసి, పెరుగు కూడా తెప్పించుకుంది.

ఇక్కడ జనగామలో వంటింట్లోంచి వాసన రావడం లేదని మొదట కనిపెట్టింది ఇక్బాల్. కమిటీ ఉలిక్కిపడింది. మాన్‌సింగ్ ఫోన్ చేశాడు.

"లచ్చీ, యాడున్నవే?"

"హోటల్ల."

"ఏ హోటల్ల?"

"పేరు సూడలే. అన్నం ఉడుకుగున్నది."

"ఒక్కదానివే పోతివా?"

"నిన్ను పిలిస్తి గదయ్యా," అంది లచ్చి. గొంతులో కోపం లేదు. మాన్‌సింగ్‌కు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఫోన్ పెట్టేసి, కుర్చీలు ఉన్నా కింద కూర్చున్నాడు.

అధ్యక్షుడు మాత్రం సాయంత్రం వరకూ ఆగి, లచ్చి గుమ్మంలో అడుగు పెట్టగానే లేచి నిలబడ్డాడు. ఖాళీ కడుపుతో ఆయన చేసిన ప్రసంగం ఇదొక్కటే.

"హోటల్లు ఇండ్లను ఖరాబ్ చేస్తున్నయి! గందుకే రేపటి దావత్ ఇంట్లనే! మా లచ్చి అన్నపూర్ణ. ఆమె చెయ్యి పడితె గంజి సుత అమృతమే. గసొంటి చెయ్యి ఉండంగ హోటలెందుకు?"

ఏకగ్రీవం. హోటల్ ఎంపిక అలా జయప్రదంగా ముగిసింది.

ఆదివారం మూడు జిల్లాల ప్రతినిధులూ వచ్చారు. మాంసం వచ్చింది, బియ్యం వచ్చాయి. లచ్చి కొత్త చీరతోనే వచ్చి, చాప పరిచి, దాని మధ్యలో కూర్చుంది.

"బావా, నన్ను కూసోబెట్టేదాంక లెవ్వమంటిరి గద. కూసున్న. ఇగ లెవ్వుర్రి. జర ఉడుకుడుకుగ తేర్రి."

సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరికంటే ముందు లేచింది మాన్‌సింగ్. వంటింట్లోకి వెళ్లాడు. గిన్నెలు చప్పుడయ్యాయి, ఏదో పగిలింది. కాసేపటికి తలుపులోంచి తల బయటపెట్టి, "లచ్చీ, మనింట్ల ఉప్పు యాడుంటది?" అన్నాడు. ఉప్పు కనుక్కోవడానికి ముగ్గురు సభ్యులతో ఉపసంఘం లోపలికి వెళ్లింది. కూరలో కారం తక్కువైంది, అన్నం అడుగంటింది. లచ్చికి మొదటి విస్తరిలో పొగలు పోతుండగా వడ్డించారు. "మంచిగున్నదా?" అని మాన్‌సింగ్ ఎదురుగా నిలబడి భయం భయంగా అడిగాడు. లచ్చి నోరారా నవ్వి, "నువ్వు సుత కూసో," అంది.

మాన్‌సింగ్‌ను చూసి పాఠక మహాశయులు కడుపుబ్బ నవ్వుకుంటున్నారని మాకు తెలుసు. మరీ అంత గట్టిగా నవ్వకండి. ఆదివారం పూట భోంచేసి, కాళ్లు చాపుకుని, పళ్లు కుట్టుకుంటూ ఇది చదువుతున్నారు గదా. లోపల్నుంచి ఎవరో గిన్నె అడుగు గీకుతున్న చప్పుడు వినిపిస్తే ఎలుకేమోనని కంగారు పడకండి. మీ ఆవిడ భోంచేస్తోంది.