ఓడిన విజేతలకు ఊరేగింపు

ఓడిపోయిన జట్టుకు విజయోత్సవం జరపాలని పోర్ట్ గారెట్ నగర మేయర్ రస్సెల్ డోబ్రోవ్‌స్కీ గారు ప్రకటించారు. ఇంతటి దూరదృష్టి ఇదివరకటి మేయర్లలో ఒక్కరికీ లేకపోవడం ఆ ఊరు చేసుకున్న పాపం.

సంగతేమిటంటే, ఓ చేప పేరు పెట్టుకున్న ఊరి బేస్‌బాల్ జట్టు స్టర్జన్స్ వేసవంతా గెలిచి గెలిచి తన విభాగంలో మొదటి స్థానంలో నిలిచింది. అక్టోబరులో చివరి దశ పోటీలు రాగానే, ఎక్కడా మొదటి స్థానం దక్కకపోయినా వైల్డ్ కార్డ్ పేరుతో లోపలికి దూరిన ఓ జట్టు దాన్ని మూడు ఆటల్లో ఇంటికి పంపించేసింది. ఊరు ఊరంతా మొహాలు వేలాడేసుకుంది.

మేయరు గారి ప్రసంగాలు రాసే జోసలిన్ టేట్ కూడా ఏడ్చింది గానీ, ఆమె అసలు దిగులు వేరు. నవంబరులో మేయరు ఎన్నిక. ఆగస్టులో జరిగిన తొలి వడపోత పోలింగులో నీటి బోర్డు అధ్యక్షురాలు గ్వెన్ ఓస్టర్‌మాన్‌ది మొదటి స్థానం. మేయరు గారిది ఎక్కడో వెనకాల రెండో స్థానం. మొదటి ఇద్దరూ నవంబరు పోటీకి అర్హులేనన్న నియమం పుణ్యమా అని ఆయన ఇంకా బరిలో ఉన్నారు. ఆయన ఓడితే జోసలిన్ ఉద్యోగం ఊడుతుంది.

"రాసుకో," అన్నారు మేయరు. "వేసవంతా వెనకబడ్డవాడికి చివర్లో ఇంకో అవకాశమా? సిగ్గుండక్కర్లా?"

జోసలిన్ పెన్ను ఆగింది. "సార్, ఆగస్టులో అలా జరిగాక ఈ మాట మనం..."

"ఆగస్టులో కూడా స్టర్జన్సే కదమ్మా ముందున్నారు!"

"స్టర్జన్స్ సంగతి కాదు సార్. మీ సంగతి."

"అది వేరు. ప్రజాస్వామ్యంలో ఎవడికైనా రెండో అవకాశం ఉండాలి. ఇది బేస్‌బాల్. సీరియస్ వ్యవహారం."

ఆమె రాసింది.

ఊరేగింపుకి ఆటగాళ్లెవరూ రాలేదు. అందరూ చేపలు పట్టుకోడానికి వెళ్లిపోయారు. జట్టు తరఫున చేప వేషం వేసుకునే మనిషొక్కడే వచ్చాడు. మేయరు గారు అతన్నే గాఢంగా కౌగిలించుకుని మైకు అందుకున్నారు.

"వేసవంతా ముందున్నవారే విజేత! రెండోవాడు మర్యాదగా తప్పుకోవాలి! అవునంటారా, కాదంటారా?"

జనం ఊగిపోయారు. అక్కడికక్కడే నగర సభ ఆ మాటనే తీర్మానంగా పెడితే అందరూ చేతులెత్తారు. మేయరు గారైతే రెండు చేతులూ ఎత్తారు.

అప్పుడు గ్వెన్ ఓస్టర్‌మాన్ హాట్‌డాగ్ తింటూ వేదికెక్కింది. మూతికంటిన ఆవపచ్చడి తుడుచుకుని మేయరు చేయి పట్టుకుని ఊపింది.

"ఎంత పెద్ద మనసు రస్సెల్ నీది! నీ స్థానంలో నేనుంటే నవంబరు దాకా పట్టుకు వేలాడేదాన్ని. సోమవారం నీ ఆఫీసుకి నా సామాను తెచ్చుకోనా?"

జనం నుంచి ఇందాకటికి రెట్టింపు చప్పట్లు, ఈలలు. మేయరు గారు గుండె మీద చెయ్యి వేసుకుని నాలుగు వైపులా వంగి నమస్కరించారు.

"చూశావా జోసలిన్? ఎన్నికల దాకా రోజూ ఇదే ప్రసంగం!"

జోసలిన్ అప్పటికే వేదిక మెట్లు దిగుతోంది.

"గ్వెన్ మేడమ్, ఒక్క నిమిషం! మీకు ప్రసంగాలు ఎవరు రాస్తున్నారు?"