రక్షణ నిధికి అధ్యక్షుడు కావలెను

మా ఉద్యోగ ఆదాయ రక్షణ నిధికి అధ్యక్ష పదవి ఖాళీ అయినదని, అర్హులైన రైల్వే కార్మికులు పోటీ చేయవచ్చునని ఇందుమూలంగా యావన్మంది సభ్యులకు తెలియజేయడమైనది. ఈ నోటీసును కోర్విన్ జంక్షన్ యార్డులో, సిబ్బంది గది గోడ మీద, 'మైక్రోవేవ్‌లో చేపలు వేడి చేయరాదు' అన్న నోటీసు మీద అంటించారు. ఆ వారమంతా గది చేపల కంపు కొట్టింది. పాత అధ్యక్షుడు పదవీ విరమణ చేసి, ఒక మోటారు పడవ కొనుక్కుని, ఆరిజోనా ఎడారిలో స్థిరపడ్డాడు. ముందుచూపు గల మనిషి.

నిధి సంగతి మీకు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా కంపెనీకి నియమాల పుస్తకం ఒకటుంది. దాని ప్రకారం బండి నడిపితే బండి కదలదు, కదిలిస్తే పుస్తకం ఒప్పుకోదు. కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు ప్రతివాడూ సస్పెండ్ అవుతాడు. అప్పుడు ఇల్లు గడవడానికి మేమంతా నెలనెలా చందా వేసుకుని పెట్టుకున్నదే ఈ నిధి. సస్పెండైనవాడు దరఖాస్తు పెట్టాలి, ముప్పై రోజుల్లోగా అధ్యక్షుడు దాని మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే దరఖాస్తు చెల్లదు. ఈ ముప్పై రోజుల నిబంధన సభ్యుల మేలు కోరి, పనులు చకచకా సాగాలని పెట్టింది.

ఆ జనవరిలో దరఖాస్తు పెట్టుకున్నది లోర్నా వాండర్‌స్లూట్ అనే అమ్మాయి. గూడ్సు బండి కండక్టరు, అంటే గార్డు లాంటి పని, ఏడేళ్ళ సర్వీసు, ఇద్దరు చిన్నపిల్లలు, మొగుడు లేడు. బండి నిచ్చెన దిగేటప్పుడు రెండు చేతులు, రెండు కాళ్ళలో ఎప్పుడూ మూడు ఇనుముకు ఆని ఉండాలని నియమం. ఈవిడ దిగుతూ దిగుతూ, కనురెప్పల మీద పేరుకున్న మంచు తుడుచుకోవడానికి ఒక చెయ్యి తీసింది. అదే క్షణాన ఒక కాలు గాలిలో ఉంది. మా సూపర్‌వైజరు తెల్ల దుప్పటి కప్పుకుని, మంచు దిబ్బ వెనక నాలుగు గంటలు బోర్లా పడుకుని, దుర్భిణిలో ఈ ఘోరం కళ్ళారా చూశాడు. అరవై రోజుల సస్పెన్షన్. ఆయనకు జలుబూ, మెచ్చుకోలు ఉత్తరమూ ఒకే రోజున వచ్చాయి.

దరఖాస్తు సిద్ధంగా ఉంది, సంతకం పెట్టేవాడే లేడు. అందుచేత ఎన్నిక అర్జెంటుగా జరిగింది. అర్జెంటు అంటే పదో రోజున.

ఇద్దరు నిలబడ్డారు. ఒకరు గేలెన్ రుస్కా, ఇంజన్ డ్రైవరు. రెండోవారు బర్డెల్ ఆఫ్టెడాల్, కండక్టరు. పాతికేళ్ళుగా సంఘం మీటింగుల్లో ఒకరు తూర్పంటే రెండోవారు పడమరంటూ వస్తున్న మహానుభావులు. రుస్కా గారు మాజీ సైనికుల హాలులో పాన్‌కేకులు పెట్టారు. మర్నాడు అదే హాలులో ఆఫ్టెడాల్ గారు చిల్లీ అనే మాంసం, చిక్కుడు గింజల కూర, దాంతోపాటు దాల్చినచెక్క రొట్టె వడ్డించారు. సభ్యులందరూ నిష్పక్షపాతంగా రెండు చోట్లా తిన్నారు. లోర్నాను రెండు చోట్లా వేదిక మీద కూచోబెట్టారు. ఇద్దరి కరపత్రాల మీదా ఆమె బొమ్మే.

రుస్కా గారు మైకు అందుకుని ఇలా సెలవిచ్చారు: "సోదరులారా! ఈ నిధిని నడపాలంటే దెబ్బ తిన్న గుండె కావాలి! ఈ కంపెనీ నన్ను నాలుగుసార్లు సస్పెండ్ చేసింది. ఎర్ర సిగ్నల్ దాటినందుకు రెండుసార్లు. నా ప్రత్యర్థినో? ఒక్కసారి! నొప్పి తెలియని మనిషి మీ నొప్పి ఏం తీరుస్తాడండీ?"

హాలు దద్దరిల్లింది. ఎర్ర సిగ్నల్ దాటినవాడి చేతికి నిధి ఇవ్వడం క్షేమమా అని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, మూడో పాన్‌కేకు మీద ఉన్నాను.

మర్నాడు ఆఫ్టెడాల్ గారు ఒంటికాలి మీద లేచారు: "నాలుగుసార్లట! అన్నీ కలిపి కూడితే డెబ్భై రెండు రోజులు! నన్ను చేసింది ఒక్కసారే, కానీ తొంభై రోజులు! నాణ్యత ముఖ్యమా, సంఖ్య ముఖ్యమా? ఇదిగో, మన చెల్లెలు లోర్నా. ఈ తల్లి కన్నీరు తుడవకుండా నేను నిద్రపోను!"

లోర్నా ఏడవడం లేదు. ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నంత పని చేసి అంది: "సార్, మీలో ఎవరు గెలిచినా సరే. గెలిచిన రోజే ఆ కాగితం మీద సంతకం గీకండి. మా ఇంటిని వెచ్చబెట్టే గ్యాసు ట్యాంకులో పావు వంతే ఉంది. పిల్లల్ని కోట్లు వేసి పడుకోబెడుతున్నా."

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె ముఖం ఉన్న బిళ్ళలు తయారు చేయించి చొక్కాలకు పెట్టుకున్నారు.

నలభై ఒక్క ఓట్ల తేడాతో రుస్కా గారు గెలిచారు. ప్రమాణం చేశారు, కుర్చీలో కూచున్నారు, కలం తీశారు. తీసి, ఆగారు. ఇంతటి చారిత్రక సంతకం పత్రికవాళ్ళు లేకుండా పెట్టడం సభ్యులకు అవమానమని ఆయనకు తోచింది. మా ఊరి పత్రిక ఫోటోగ్రాఫరు గురువారం తప్ప రాడు. సరే, గురువారానికి వాయిదా.

బుధవారం పొద్దున్నే ఆఫ్టెడాల్ గారు సీనియారిటీ జాబితా చంకన పెట్టుకుని వచ్చారు.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. మా లైనులో మనిషి విలువ వాడు ఉద్యోగంలో చేరిన తేదీని బట్టి ఉంటుంది. నీకంటే ఒక్కరోజు ముందు చేరినవాడు నీ డ్యూటీ కావాలంటే నిన్ను నెట్టి తీసుకుంటాడు. నెట్టబడ్డవాడు నలభై ఎనిమిది గంటల్లో తన కింది వాడిని నెట్టాలి. వాడు వాడి కింది వాడిని. నెట్టుడు నడుస్తున్నంతసేపూ ఆ డ్యూటీల కాగితాలు కదలవు. తల్లిపాలతో పాటు తాగిన న్యాయం మాకు ఇది. ఎంత అన్యాయం జరిగినా మేం ఏడ్చేది జాబితా ప్రకారమే.

"గేలెన్, లే. నీ తేదీ ఏప్రిల్ పది. నాది అదే ఏడాది ఏప్రిల్ మూడు. నెట్టేస్తున్నా" అన్నారు ఆఫ్టెడాల్.

అది ఓట్లతో వచ్చిన పదవి. 'పోవయ్యా పో' అంటే పోయేది. కానీ ముప్పై ఏళ్ళ అలవాటు కదండీ! రుస్కా గారు కిక్కురుమనకుండా అన్నం డబ్బా సర్దుకుని, టోపీ పెట్టుకుని లేచి నిలబడ్డారు. ఓట్లు వేసిన మేం కూడా జాబితా చూసి, "ఆఁ, న్యాయమే" అన్నాం.

తర్వాత రుస్కా గారు ఉపాధ్యక్షుణ్ణి నెట్టారు. ఉపాధ్యక్షుడు కార్యదర్శిని నెట్టాడు. కార్యదర్శి కోశాధికారిని నెట్టబోతే ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు, మంచం దగ్గరికి వెళ్ళి మరీ నెట్టాడు. నెట్టుడు తెమలలేదు కనక లోర్నా కాగితమూ కదల్లేదు. ఇది సర్దుకునేలోపు ఆఫ్టెడాల్ గారితో పాటు అదే ఏప్రిల్ మూడున చేరిన మరో పెద్దమనిషి పక్క ఊరి నుంచి దిగాడు. తేదీ ఒకటే అయితే ఎవరు పెద్ద? చేరిన రోజు వైద్య పరీక్షలో మూత్రం సీసా ముందు ఎవరు ఇచ్చారో వారే పెద్ద. విచారణ సంఘం వేశారు. సీసాలు అందుకున్న నర్సు చనిపోయి పదకొండేళ్ళయింది. ఆమె కూతుర్ని పిలిపించి, అమ్మగారు ఎప్పుడైనా ఆ విషయం ప్రస్తావించారా అని అడిగారు. ప్రస్తావించలేదట. అధ్యక్ష పీఠాన్ని తాత్కాలికంగా నిలుపుదల చేస్తూ తీర్మానించారు. తీర్మానం కింద అందరూ పెట్టారు సంతకాలు. మహా చకచకా పెట్టారు.

ఇరవై ఆరో రోజున లోర్నా మా ఇంటికొచ్చింది. నేను గరాజులో జింక మాంసం సాసేజ్‌లు చుడుతున్నాను.

"పెద్దాయనా, మొత్తం జాబితాలో మొదటి పేరు మీదే. మిమ్మల్ని నెట్టే మగాడు ఈ జిల్లాలో లేడు. వెళ్ళి ఆ కుర్చీలో కూచోండి. ఒక్క సంతకం పెట్టి, లేచి వచ్చేయండి."

"అంత తేలికా అమ్మాయ్?"

"ఎందుకు కాదూ? రాయడం వచ్చుగా మీకు?"

నోరుంది ఆ పిల్లకి. సంగతేమిటంటే, నాది పగటి డ్యూటీ. శని ఆదివారాలు సెలవు. ఆ డ్యూటీ కోసం ఇరవై ఎనిమిదేళ్ళు కళ్ళల్లో వత్తులు వేసుకుని కాచుకున్నాను. నా అంతట నేను దాన్ని వదిలి కుర్చీ ఎక్కితే, ఆరు నెలల దాకా మళ్ళీ అడగడానికి వీల్లేదు. ఆరు నెలల పాటు పిలిచినప్పుడల్లా పరిగెత్తే డ్యూటీ చెయ్యాలి. ఈ వయసులో!

"నా శనివారాలు పోతాయి లోర్నా" అన్నాను.

"నా పిల్లలు చలికి వణికిపోతున్నారు పెద్దాయనా. మీకు శనివారాలా?"

"ఆలోచిస్తానమ్మా" అన్నాను. అని, ఊరికే పంపడం మర్యాద కాదని రెండు సాసేజ్‌లు కాగితంలో చుట్టి ఇచ్చాను. దయ ఉండాలి మనిషికి.

నిజంగానే ఆలోచించాను. శుక్రవారం ఆలోచించాను, శనివారం గడ్డకట్టిన చెరువుకు చిల్లు పెట్టి చేపలు పడుతూ ఆలోచించాను, ఆదివారం ఆలోచించాను. సోమవారం ముప్పయ్యో రోజు. సాయంత్రం అయిదు గంటలకు దరఖాస్తు మీద 'చెల్లదు' అని ముద్ర వేశారు. ముద్ర వేయడానికి ఏ అధ్యక్షుడి సంతకమూ అక్కర్లేదు.

దాని మీద పెట్టిన సభలో ఆఫ్టెడాల్, రుస్కా గార్లు పాతికేళ్ళలో మొదటిసారి ఒకే మాట మీద నిలిచారు. లోర్నాకు జరిగిన అన్యాయాన్ని తీవ్రాతితీవ్రంగా ఖండించారు. కంపెనీదే తప్పని తేల్చారు. సభ్యులు రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆమె బతికే ఉందని ఎవరో గుర్తుచేస్తే ఒక నిమిషం తగ్గించారు.

సస్పెన్షన్‌లో ఉండగా వేరే ఉద్యోగం చేయరాదని కంపెనీ నియమం. లోర్నా రాజీనామా రాసిచ్చి, పక్క ఊళ్ళో పంది మాంసం ఫ్యాక్టరీలో చేరింది. లాంతరు, రేడియో అప్పగించడానికి వచ్చినప్పుడు సిబ్బంది గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. "సాసేజ్‌లు పిల్లలు తిన్నారు, బాగున్నాయన్నారు" అంది. నేను సంతోషం అన్నాను. ఇంకేమైనా అంటుందేమోనని భయపడ్డాను. అనలేదు. నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

మర్నాడు కొత్త జాబితా గోడ మీదికి ఎక్కింది. లోర్నా పేరు నూట అరవై మూడో గీతలో ఉండేది. ఆ గీత ఖాళీ కావడంతో నూట అరవై నాలుగో వాడి నుంచి రెండు వందల నలభయ్యో వాడి దాకా డెబ్భై ఏడుగురు ఒక్కొక్క గీత పైకి జరిగారు. నూట అరవై నాలుగో వాడికి ఆ ఒక్క గీతతో వేసవి సెలవులు జూలైలో దొరికాయి. మంచి కుర్రాడు, ఆమె బొమ్మ బిళ్ళ ఇంకా చొక్కాకే ఉంది. ఆనందం పట్టలేక రెండు డబ్బాల డోనట్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎవరమూ ఒకరినొకరు తోసుకోలేదు. జాబితా ప్రకారం వరసలో నిలబడ్డాం. నిమ్మ క్రీము పెట్టింది ఒక్కటే ఉంది. మొదట నిలబడ్డది నేనే కనక నేనే తీసుకున్నాను. నా వెనక వరస తలుపు దాటి, యార్డు దాటి, చాలా దూరం ఉంది. అంత దూరాన ఉన్నవాళ్ళ ముఖాలు నాకు ఆనలేదు గానీ, పళ్ళెం పట్టుకుని నిలబడ్డ తీరు చూస్తే మీరు కూడా ఉన్నట్టే అనిపించింది.