కండక్టరమ్మ అగ్గిపెట్టె

"దారాల జబ్బు మన రాష్ట్రంలో లేదు. ఉన్నదాన్ని వారం రోజుల్లో సమూలంగా నిర్మూలిస్తాం" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించారు. ఒకే గుక్కలో రెండూ అనగలిగిన మనిషి మంత్రి కాక ఇంకేమవుతాడు!

ఆ సమయానికి, ఈ ప్రకటనకి కారణమైన సిటీ బస్సు కండక్టరమ్మ ఇంట్లో కూర్చుని ఎడమచెయ్యి గోక్కుంటోంది. ఏడాదిగా అదే పని. దద్దుర్లు, పుళ్ళు, పుళ్ళలో సన్నటి నీలం పోగులు. అవి చర్మంలోంచే వస్తున్నాయో, యూనిఫాం చొక్కావి పుండుకి అంటుకుంటున్నాయో ఆవిడకీ తెలీదు. ఒక డాక్టరు గుడ్డపోగులే అన్నాడు. ఇంకో డాక్టరు మనసులో బెంగ అన్నాడు. మూడో ఆయన "దీని మీద పెద్ద పెద్దవాళ్ళే కొట్టుకుంటున్నారమ్మా" అని చేతులెత్తేశాడు. ఆ పోగుల్ని భూతద్దం కింద పెట్టి చూసిన మహానుభావుడు మాత్రం ఒక్కడూ లేడు. అందుకే నాలుగు పోగులు అగ్గిపెట్టెలో దాచి, ఎవరైనా చూడకపోతారా అని బ్యాగులో వేసుకు తిరుగుతోంది.

మంత్రిగారి ప్రకటనకి ముందే, చూడ్డానికి మొదట వచ్చింది టీవీవాళ్ళు. రిపోర్టరు ఎంత మర్యాదస్థుడంటే, గుమ్మంలోనే "అక్కా" అని వరస కలిపేశాడు. చెయ్యి చూశాక మాత్రం మొహం వేలాడేశాడు.

"ఇంతేనా అక్కా?"

"ఇంతే బాబూ. ఈ పెట్టెలో ఇంకో నాలుగున్నాయి, చూడు."

"అవి కెమెరాకి ఆనవక్కా. విజువల్ కావాలి."

పాపం, ఆయన తిప్పలు ఆయనవి. స్టూడియోలో తమ మేకప్‌మ్యాన్ చేతికే గమ్ము రాసి, ఎర్రవీ పచ్చవీ ఊలుదారాలు అంటించి చూపించారు. కింద "మీ టికెట్ ఎవరి చేతిలో ఉంది?" అని అక్షరాలు పరిగెత్తాయి. యాంకరమ్మ కళ్ళు కూడా తుడుచుకుంది.

మర్నాడు బస్సులో టికెట్ కోసం ఒక్కరూ చెయ్యి చాపలేదు. డిపో మేనేజరు కబురు పెట్టాడు.

"నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదమ్మా. కానీ పబ్లిక్ ఊరుకోరుగా! అంటుకోదని సర్టిఫికెట్ తెచ్చుకో, డ్యూటీ ఎక్కు. నెలలోగా తేకపోతే నీ సీట్లో ఇంకొకర్ని వేసుకోవాల్సొస్తుంది."

మంత్రిగారు మాత్రం ఒక్క ప్రకటనతో ఊరుకుంటారా? నిపుణుల కమిటీ వేశారు. కమిటీ తిన్నగా స్టూడియోకి వెళ్ళి, టీవీలో చూపించిన చేతినే పరీక్షించింది. మూడు రోజులు శ్రమపడి "దారాలు ఊలువి. వేడినీళ్ళతో పోయాయి" అని నలభై పేజీల నివేదిక సమర్పించింది. సభ్యుల దీక్షని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఆ సాయంత్రం అదే ఛానల్ "కండక్టర్ నాటకం బట్టబయలు" అని గంటన్నర చర్చ పెట్టింది. యాంకరమ్మ ఈసారి కళ్ళెర్రజేసింది.

కండక్టరమ్మకి కడుపు మండిపోయింది. పెద్దాసుపత్రిలో "నిర్మూలన విజయసభ" ముగించుకుని మంత్రిగారు మెట్లు దిగుతుంటే, అగ్గిపెట్టె పట్టుకుని ఎదురెళ్ళింది.

"అయ్యా, మీ కమిటీ నా చెయ్యి చూడనేలేదు."

పీఏ అడ్డంపడ్డాడు. "రిపోర్టు వచ్చేసిందమ్మా. ఇప్పుడు రోగిని చూడ్డం రూల్స్‌కి విరుద్ధం."

మంత్రిగారు నోట్లో సిగరెట్టు పెట్టుకుని జేబులు తడుముకుంటున్నారు. ఆవిడ చేతిలోని పెట్టె మీద చూపు పడింది.

"ఇలా ఇవ్వమ్మా" అన్నారు.

ఏడాదిలో ఆ మాట అన్న మొదటి మనిషి! ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది. రెండు చేతులతో అందించింది. ఆయన పెట్టె తెరిచారు, వేలితో కెలికారు, బోర్లించి దులిపారు. నాలుగు పోగులూ గాలికి పోయాయి.

"ఇందులో ఏమీ లేదు" అని పెట్టె తిరిగిచ్చేశారు. కెమెరాలు టకటకమన్నాయి.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలో ఫోటో వచ్చింది. సిగరెట్టుని మాత్రం చెరిపేశారు. "బాధితురాలి నమూనాను స్వయంగా పరీక్షించిన మంత్రి. ఏమీ లేదని నిర్ధారణ."

కండక్టరమ్మ ఆ పేపరు తీసుకెళ్ళి మేనేజరు బల్లమీద పెట్టింది.

"మంత్రిగారే లేదన్నారు సార్. డ్యూటీ ఇవ్వండి."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "అంతా బానే ఉందమ్మా. అంటుకోదని ఎక్కడ రాశారు?"

"లేని జబ్బు ఎలా అంటుకుంటుంది సార్?"

"నేననేదీ అదే. లేని జబ్బుకి అంటుకోదని సర్టిఫికెట్ ఎవరిస్తారు?"

పేపరు అంచుని రెండువేళ్ళతో పట్టుకుని ఆవిడకి తిరిగిచ్చి, సొరుగులోంచి సబ్బు తీసుకుని, చేతులు కడుక్కోడానికి వెళ్ళాడు.