చావు లెక్కల పరీక్ష

ఆ శనివారం న్యంతాచి వేసుకున్న పథకం చిన్నదే. పొద్దున తొమ్మిదింటికి గదిలో కూర్చోవాలి, మధ్యాహ్నం లేవాలి. ఈలోగా ఎవరూ కనపడకూడదు.

మంపొంగ్ అనే చిన్న ఊళ్లో అతడు బీమా కంపెనీ గుమాస్తా. భార్య పోయాక సాయంత్రాలు గడవక దూరవిద్యలో ఆక్చువరీ ఎం.ఎస్సీ.కి కట్టాడు. ఏ వయసువాడు ఇంకెన్నాళ్లు బతుకుతాడో లెక్కకట్టే చదువది. ఆఖరి పేపరు రెండుసార్లు తప్పాడు. ఇది మూడోసారి. నాలుగోసారి లేదు. గట్టెక్కితే కుమాసి నగరం ఆఫీసులో అధికారి కుర్చీ, లేకపోతే రిటైరయ్యేదాకా ఈ ఊళ్లో ఇదే బల్ల. పరీక్ష ఇంట్లోనే. లాప్‌టాప్ కెమెరాలోంచి రాజధాని అక్రాలో ఒకావిడ కాపలా కాస్తుంది. అభ్యర్థి కుర్చీ వదిలినా, నోరు విప్పినా, గదిలోకి ఇంకో మనిషి వచ్చినా పేపరు రద్దు.

"ఎవరొచ్చినా గేటు దగ్గరే ఆపు," అన్నాడు చెల్లెలు సెర్వాతో. "రేడియో కట్టెయ్. కిటికీలు ముయ్. పక్కింటివాళ్లని ఫుఫు ముద్దకి దుంపలు దంచొద్దని చెప్పు."

"ఎందుకంటే ఏం చెప్పను అన్నయ్యా?"

"ఏమీ చెప్పకు. పరీక్ష అన్న మాట బయటికి పొక్కిందో, ఈ ఇంట్లో నువ్వైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

సెర్వా తలుపులు బిగించి పక్కింటికి వెళ్లింది. డుఫీ అప్పుడే రోకలి ఎత్తింది.

"అక్కా, ఈ పూటకి దంచడం ఆపవూ?"

"శనివారం పూట ఫుఫు ఆపమంటావేంటే? ఏమైంది?"

"అడక్కక్కా."

"మీ అన్నయ్యేడి?"

"గదిలో ఉన్నాడు. ఎవర్నీ చూడనివ్వకూడదు."

డుఫీ మూసిన కిటికీల వంక చూసింది. ఎప్పుడూ ఊరంతా వినపడే రేడియో మూగబోయి ఉంది. ఆ ఊళ్లో వంశపెద్ద వచ్చి ప్రకటించేదాకా చావు కబురు ఇంటివాళ్లు నోటితో చెప్పరు. ఇల్లు మూసుకుని, సద్దు చేయొద్దంటారు. డుఫీ రోకలి గోడకి ఆనించి, తలకున్న రంగుగుడ్డ విప్పి నల్లది కట్టుకుంది.

గంట తిరక్కుండా గేటు ముందు జనం చేరారు. చావుకి కట్టే నలుపూ ఎరుపూ కట్టుకుని, చెప్పుల చప్పుడైనా కాకుండా వచ్చి, సెర్వా చెయ్యి నొక్కి నిలబడ్డారు. ఎవరి చావుకో వెళ్తూ, పరీక్ష సంగతి ఎలాగో తెలిసి దీవించడానికి ఆగారనుకుంది సెర్వా.

"మీరొచ్చినట్టు అన్నయ్యకి తెలిస్తే చంపేస్తాడు," అని బతిమాలింది.

పిచ్చిది, దుఃఖంలో మతి చెదిరిందని ఆడవాళ్లు ఆమెను కూర్చోబెట్టారు. వంశపెద్ద ఫ్రింపాంగ్ కుర్చీలు, పందిరి తెప్పించాడు. న్యంతాచి మేనల్లుడు ఒచెరె, చనిపోయిన అక్క కొడుకు, ఫోన్ల మరమ్మతు కొట్టువాడు, మేనమామ ఫొటోతో సంతాపం పోస్టరు చేయించి బంధువులందరికీ పంపేశాడు. న్యంతాచి భార్య పోయినప్పుడు వీళ్లలో సగంమందికి తీరిక దొరకలేదు.

లోపల న్యంతాచికి ప్రాణం హాయిగా ఉంది. సెర్వా జన్మలో మొదటిసారి ఒక పని సరిగ్గా చేసిందనుకున్నాడు. కర్టెన్ సందులోంచి నల్లగుడ్డలు కనపడితే, డుఫీ తల్లి పోయినట్టుందనుకున్నాడు. ఆవిడకి తొంభై దాటాయి. ఆయుర్దాయం పట్టిక ప్రకారం ఎప్పుడో పోవాల్సింది.

అంతలో కిటికీ కింద మాటలు వినపడ్డాయి.

"కోపిష్టి గానీ మంచివాడు," అన్నాడు ఫ్రింపాంగ్.

"ఏం మంచి బాబాయ్! నా పాలసీ డబ్బుకి మూడేళ్లు తిప్పాడు," అంది డుఫీ.

"పోయినవాణ్ణి అలా అనకూడదమ్మా."

"అననులే. ఆ పరీక్షే మింగింది. రెండుసార్లు తప్పితే ఏ గుండె తట్టుకుంటుంది?"

న్యంతాచి కలం ఆగిపోయింది. తను చచ్చినందుకు కాదు, రెండుసార్లు తప్పిన సంగతి ఊరందరికీ తెలిసినందుకు. అరవబోయి, కెమెరాను చూసి నోరు మూసుకున్నాడు. ఒక్క ప్రశ్న మిగిలింది: యాభై రెండేళ్ల మగవాడు ఇంకో ఏడాది బతికే అవకాశం ఎంత? అతడికీ యాభై రెండే. పళ్లు బిగబట్టి లెక్క చేశాడు. అవకాశం బాగానే ఉంది. జవాబు పంపే మీట నొక్కాడు.

ఇక కాపలా ఆవిడ సెలవిచ్చేదాకా కదలకుండా కూర్చోవడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే కిటికీ రెక్క తెరుచుకుంది. అక్కడి ఆచారంలో మేనమామ ఆస్తికి వారసుడు మేనల్లుడే కనక, ఇల్లిక తనదేనని ఒచెరె కిటికీ కొత్త చట్రానికి కొలత తీసుకుందామని టేపు పట్టుకొచ్చాడు. కర్టెన్ తొలగించాడు. శవం కుర్చీలో కూర్చుని గుడ్లురిమింది.

"మావయ్య లేచాడు!" అని కేక పెట్టి పడిపోయాడు.

తలుపు విరిగింది. జనం లోపలికి విరుచుకుపడ్డారు. కుర్చీ ఒకవైపు, న్యంతాచి ఒకవైపు పడ్డారు. అక్రాలో ఆవిడకి ఆఖరిగా కనపడింది నేలమీద వెల్లకిలా అభ్యర్థి, అతని మీద పడి ఏడుస్తున్న నల్లగుడ్డల ఆడవాళ్లు. తర్వాత లాప్‌టాప్ పగిలింది.

"బతికే ఉన్నానని ముందే చెప్పొచ్చుగా!" అని మండిపడ్డాడు ఫ్రింపాంగ్. "లండన్‌లో మనవాళ్లకి కూడా ఫోన్ చేశాను. ఇప్పుడు వాళ్లకేం చెప్పను?"

"పరీక్షలో ఉన్నాను బాబాయ్!"

"చావు కంటే పరీక్ష ఎక్కువా నీకు?"

సోమవారం విశ్వవిద్యాలయం వాళ్లు దరఖాస్తులో ఉన్న బంధువు నంబరుకి ఫోన్ చేశారు. ఎత్తినవాడు ఒచెరె. ఏమైందని అడిగితే, నోటితో ఏమీ చెప్పకుండా పోస్టరు పంపాడు.

"నీకేం పుట్టిందిరా!" అని న్యంతాచి చెప్పు తీశాడు.

"మావయ్యా, బతికున్నావంటే పేపరు రద్దు. పోయావంటే జాలి పడతారు. నీ కోసమేగా!"

న్యంతాచి ఆలోచించి చెప్పు కింద పడేశాడు.

జాలి బాగానే పనిచేసింది. పంపిన జవాబులన్నీ దిద్దారు. పాసయ్యాడు. పరీక్ష బల్ల దగ్గరే ప్రాణం విడిచిన విద్యార్థిగా మరణానంతర పట్టా ప్రకటించి, వారసుణ్ణి అక్రాకి పిలిచారు. ఒచెరె నల్లసూటులో వెళ్లి, సభలో ఏడ్చి మరీ అందుకున్నాడు.

"ఇలా తే," అన్నాడు న్యంతాచి, వాడు బస్సు దిగగానే.

"పెద్దాయన్ని అడుగుదాం మావయ్యా."

ఫ్రింపాంగ్ పట్టా అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది చచ్చినవాడికిచ్చింది. చచ్చినవాడిది మేనల్లుడికే చెందుతుంది. నువ్వు బతికున్నావుగా, నీకెలా వస్తుంది?"

"నేను చదివి రాశాను!"

"అయితే వాళ్లకి రాసెయ్, బతికే ఉన్నానని."

రాస్తే పట్టా పోతుంది. న్యంతాచి రాయలేదు. కుమాసి కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు.

పట్టా ఇప్పుడు ఒచెరె కొట్లో గోడమీద ఉంది. మరి మావయ్య ఇల్లెప్పుడు తీసుకుంటావని ఎవరైనా అడిగితే, దానికేం తొందర లేదంటాడు.