వెయ్యో రోజు ఫోటో

నూలు మిల్లు ఫోటోగ్రాఫరును అందరూ కదలొద్దుగారు అంటారు. పదిహేడేళ్లుగా గ్రూపు ఫోటో ముందు ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే, చివరి మాటా అదే. ఆ రోజు పొద్దున ఆయన వేసుకున్న లెక్క చిన్నది. పదింటికి ఫోటో, పావుగంటలో ముగింపు, మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేసి కాసేపు నడుం వాల్చడం.

భార్య కొత్త కెమెరాను అరచేతిలో పెట్టుకుని తూచి చూసింది.

"ఇదేంటండీ, ఇంత తేలిగ్గా ఉంది? లోపల సరుకు పెట్టడం మర్చిపోయారా?"

"లోపల అద్దం తీసేశారు. ఇప్పుడొచ్చేవన్నీ అద్దం లేనివే."

"అద్దం తీసేస్తే మనిషి ఎలా కనిపిస్తాడు?"

"లోపల చిన్న టీవీ పెట్టారు. అందులో కనిపిస్తాడు."

"అన్నీ అదే చేస్తే మీరెందుకిక?"

ఆమె వేళాకోళంగానే అంది. అయినా ఆయన కెమెరాను ఆమె చేతిలోంచి తీసేసుకున్నాడు. ముందురోజు మేనేజరు అడిగిందీ అదే. పాత కెమెరా చప్పుడు యజమాని ప్రసంగానికి అడ్డొస్తోందని ఈ కొత్తది కొన్నారు. చేతిలో పెడుతూ మేనేజరు చెప్పేశాడు: "ఈ ఫోటో బాగా వస్తే నువ్వుంటావు. రాకపోతే బటన్ నొక్కడానికి టైమ్‌కీపరు చాలు."

ఆ ఫోటో మామూలుది కాదు. మిల్లు గేటు దగ్గర బోర్డు మీద 'ప్రమాదం లేని రోజులు' అని రాసి ఉంటుంది. ఆ పొద్దుటికి అంకె వెయ్యికి చేరింది. ఎలా చేరిందో లోపల పనిచేసేవాళ్లకు తెలుసు. యంత్రంలో వేలు పోయినవాడిది సెలవు. నిచ్చెన మీంచి పడ్డవాడిది అజాగ్రత్త. దూది దుమ్ముకు ఊపిరాడక కూలబడ్డవాడిది సొంత జబ్బు. ప్రమాదమనే మాటను గేటు దాటనివ్వకపోతే ప్రమాదం ఎక్కడినుంచి వస్తుంది?

కదలకపోవడానికీ ఓ కారణం ఉంది. కిందటేడు ఫోటో తీసే క్షణాన ఒకడు తుమ్మాడు. మొహం అలికేసినట్టు పడింది. ఆ ఫోటో చూసే గేటు పాసులు కొత్తవి చేశారు. మొహం లేదు కాబట్టి పాసు లేదన్నారు, పాసు లేదు కాబట్టి పని లేదన్నారు. అప్పటినుంచి కెమెరా 'టక్' మనేదాకా మిల్లులో ఎవడూ రెప్ప కూడా వెయ్యడు.

పదింటికి రెండు వందల మంది గోదాము ముందు నిలబడ్డారు. ముందు వరస కుర్చీల్లో ఆఫీసువాళ్లు, నట్టనడుమ మేనేజరు. వెనకవాళ్లకు క్యాంటీను బల్లలు. అన్నిటికన్నా వెనకవాళ్లకు బల్లల మీద బెంచీలు. ఆఖరి బెంచీ కొసన కదలొద్దుగారి బావమరిది నిలబడ్డాడు.

"బావా, ఈ బెంచీకి ఒక కాలు పొట్టి."

"నీకు రెండూ బాగానే ఉన్నాయిగా. నిలబడు."

ఆయన కన్ను కెమెరాకు ఆనించి, "కదలొద్దు" అని బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. పాత కెమెరాలో అద్దం లేచిపడేటప్పుడు కంటి ముందు ఒక్క క్షణం చీకటయ్యేది. అది చూస్తేనే ఆయనకు ఫోటో పడిందని నమ్మకం. ఇక్కడ చీకటీ లేదు, చప్పుడూ లేదు. మళ్లీ నొక్కాడు. నొక్కిపట్టి ఉంచాడు. చప్పుడు రాకూడదని మేనేజరు మరీమరీ చెప్పడంతో దుకాణంవాడు దాని నోరు కట్టేసి ఇచ్చాడనీ, వేలు తియ్యకపోతే అది క్షణానికి పన్నెండు ఫోటోలు మింగుతుందనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"తీశావా?" అన్నాడు మేనేజరు పళ్ల సందుల్లోంచి.

"ఇంకా లేదు సార్. కదలొద్దు."

ఎండ నెత్తికెక్కింది. నవ్వులు మొహాల మీద ఎండిపోయాయి. వెనకనుంచి కిర్రుమని చిన్న మోత.

"బావా, బెంచీ ఒరుగుతోంది."

"ఒక్క నిమిషం ఆగరా."

"నేను ఆగుతాను బావా. బెంచీ ఆగేలా లేదు."

"నోరు మూసుకుని నవ్వు."

"దిగిపోదామా?" అన్నాడు పక్కవాడు పెదవి కదపకుండా.

"ఇంకా టక్ మనలేదుగా," అన్నాడు ఇంకొకడు.

పడిపోతామని ఆ బెంచీ మీది ఎనిమిది మందికీ తెలుసు. ఒక్కడూ దిగలేదు. పడితే కాళ్లు విరుగుతాయి, దిగితే పని పోతుంది. కాళ్లు అతుక్కుంటాయేమో గాని పని అతుక్కోదు. అలా నవ్వుతూనే నిలబడ్డారు, బెంచీ ఒరిగిపోతే నవ్వుతూనే గాల్లోకి లేచారు. ముందున్నవాళ్లు కెమెరా చప్పుడు ఇంకా వినపడలేదు కాబట్టి వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

దుమ్ము అణిగాక చూస్తే బావమరిది పిక్కఎముక రెండు ముక్కలైంది. మేనేజరు వాడివైపు చూడబోయి ముందు బోర్డువైపు చూశాడు.

"ఎవరూ ప్రమాదం అనే మాట అనకండి."

"మరేమనాలి సార్?"

"కూర్చున్నారు అనండి. కొంచెం వేగంగా కూర్చున్నారు."

తర్వాత, కెమెరా తెర మీద వేల ఫోటోలు చూసి తెల్లబోయిన కదలొద్దుగారిని పక్కకు పిలిచాడు. "సాయంత్రానికి ఆ కెమెరా నా బల్ల మీద ఉండాలి. నీ ఉద్యోగం సంగతి ఆ తర్వాత చూద్దాం."

ఆసుపత్రి వరండాలో భార్య ఆయన కోసమే కాచుకుని ఉంది. "తాగి పడ్డాడని రాశారు మిల్లువాళ్లు కాగితంలో. పొద్దున్నుంచి వాడు టీ కూడా తాగలేదు. మీ దగ్గర ఫోటో ఉందిగా?"

"బయటపెడితే ఉద్యోగం పోతుందే."

"వాడి కాలు పోయింది."

ఆయన అక్కణ్నుంచే బయల్దేరాడు. స్టూడియోకు వెళ్లి, వేల ఫోటోల్లో బావమరిది మొహం అన్నిటికన్నా స్పష్టంగా ఉన్నదాన్ని ఒక్క ప్రింటు వేయించాడు. ఉత్తరం రాశాడు. బెంచీ ఒరిగి పడ్డారనీ, ఇది ప్రమాదమేననీ, పరిహారం ఇవ్వాలనీ, ఇందుకు తన ఉద్యోగం తీసేసినా సరేననీ. రెండూ ఒకే కవరులో పెట్టి హెడ్డాఫీసుకు పంపాడు. అప్పుడు వెళ్లి కెమెరా ఇచ్చేశాడు. మేనేజరు తన చేత్తోనే అన్నీ చెరిపేశాడు.

మూడు వారాలు ఆయన రోజూ గేటు దగ్గర తన పాసు ఇంకా పనిచేస్తోందా అని చూసుకుంటూ లోపలికి వెళ్లాడు. ఆ తర్వాత ఒకే రోజు రెండు ఉత్తరాలు వచ్చాయి, ఒకటి ఆయనకు, ఒకటి మేనేజరుకు. హెడ్డాఫీసులో కవరు విప్పినవాడు పద్ధతి తెలిసినవాడు. ఉత్తరాన్ని ఫిర్యాదుల విభాగానికి, ఫోటోను ప్రచార విభాగానికి పంపాడు. మీరు జతచేశానన్న ఫోటో జతలో లేదు, ఆధారం లేనందున ఫిర్యాదు కొట్టివేశాం అన్నారు ఫిర్యాదులవాళ్లు. అన్ని మిల్లుల ఫోటోల్లోనూ ఇదే మేటి, క్యాలెండరు మొదటి పేజీకి తీసుకున్నాం, ఈ ఫోటోగ్రాఫరును పర్మనెంటు చెయ్యండి అన్నారు ప్రచారంవాళ్లు.

మేనేజరు స్వయంగా వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

"సార్, అది వాళ్లు పడుతున్న ఫోటో."

"పడుతున్నట్టు ఎక్కడుందయ్యా? ఎగురుతున్నారు."

నిజమే. బెంచీ ముందువాళ్ల తలల చాటున ఉండిపోయింది. కనిపించేదల్లా తెరిచిన నోళ్లు, పైకి లేచిన చేతులు, నేల విడిచిన కాళ్లు. కదలొద్దుగారు అచ్చయి వచ్చిన క్యాలెండరు తీసుకెళ్లి బావమరిదికి చూపించాడు. వాడు కట్టు కట్టిన కాలు దిండు మీద సర్దుకుని చాలాసేపు చూశాడు.

"బావా, నేనింత సంతోషంగా ఎప్పుడున్నాను?"

"అక్కడ నువ్వు అమ్మా అని అరుస్తున్నావురా."

"కాదులే. ఆ మొహం చూస్తే నాకే నమ్మబుద్ధి కావడం లేదు."

ఆయన భార్య మాత్రం ఆ క్యాలెండరును గోడవైపు తిప్పేసి, ఆ రోజు ఆయనకు అన్నం పెట్టకుండా పడుకుంది.

నెలాఖరున గేటు దగ్గర ఒక నోటీసు అంటించారు. ఫోటోలో కార్మికుల హుషారు చూసి హెడ్డాఫీసు ముచ్చటపడిందనీ, వాళ్ల ఒంట్లో ఇంకా అంత ఓపిక మిగిలి ఉన్నందున రేపటినుంచి షిఫ్టు అరగంట పెంచడమైనదనీ.