ఒక్క సీటు బేరం

ఆ శనివారం బేరాలాయన నిద్ర లేస్తూనే ఒక నిశ్చయానికి వచ్చాడు. కూతురిని చేర్పించాలనుకుంటున్న ప్రైవేటు విశ్వవిద్యాలయానికి తానే వెళ్లి, ఫీజు సగానికి సగం తగ్గించుకుని, భోజనాల వేళకి ఇంటికి వచ్చెయ్యాలి. ఆయన గొట్టాల కంపెనీలో పెద్ద గుమాస్తా. చెప్పుల కొట్టు మొదలుకొని పళ్ల డాక్టరు దాకా బేరమాడకుండా ఆయన కొన్నదీ లేదు, పీకించుకున్నదీ లేదు. అందుకే వీధివీధంతా ఆయన్ని బేరాలాయన అంటారు. అది ఎగతాళి అని ఆయనకి ఎన్నడూ తట్టలేదు. బిరుదనుకున్నాడు.

ఈ విశ్వవిద్యాలయం గొడవ ఇంట్లోకి తెచ్చింది బావమరిది. ఏడాదికి ఆరు లక్షలు, నాలుగేళ్లు. ఖర్చు అనకూడదట, పెట్టుబడి అనాలట. ఊరి చివర ఉన్న స్థలం అమ్మేస్తే సరిపోతుందని, పిల్ల ఉద్యోగంలో చేరిన రెండేళ్లలో అలాంటి స్థలాలు మూడు కొనిపెడుతుందని అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. అతని వృత్తి స్థలాలు అమ్మిపెట్టడం. కనుక ఆ చదువు వల్ల అందరికన్నా ముందు లాభపడేది తనే. పిల్లకి కంప్యూటర్లు నేర్చుకోవాలని ఉంది, ఎక్కడైనా సరే. ఆ మాట రెండుసార్లు చెప్పింది కూడా. పెద్దవాళ్లు లెక్కల్లో పడి వినిపించుకోలేదు.

బేరానికి వెళ్లేటప్పుడు బీదగా కనిపించాలన్నది ఆయన సిద్ధాంతం. భార్య సాగనివ్వలేదు. అంత పెద్ద చోటికి మాసిన చొక్కాతో వెళితే పరువు పోతుందని తమ్ముడి కోటు తొడిగించి, టై కట్టి మరీ పంపింది.

గేటు దగ్గర కాపలావాడు ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. ఎవరు అడిగినా చెప్పే అలవాటు కొద్దీ బేరాలాయన గొట్టాల కంపెనీ పేరు చెప్పాడు. ఏం పని మీద అంటే, ఇక్కడ చదివిన పిల్లలు ఏపాటివాళ్లో చూద్దామని వచ్చానన్నాడు. ఆ వారమంతా అక్కడ ఉద్యోగాల మేళా. పిలిచిన కంపెనీల్లో ఒక్కటీ రాలేదు. ఆ సంగతి ఆయనకి తెలియదు. కాపలావాడు ఫోను ఎత్తి రెండు ముక్కలు మాట్లాడేసరికి, లోపలి నుంచి పిల్లలకి ఉద్యోగాలు చూసిపెట్టే ఆఫీసరు పరుగులాంటి నడకతో వచ్చి, రెండు చేతులా నమస్కారం పెట్టి, చల్లగాలి గదిలోకి తీసుకెళ్లాడు. మెత్తటి సోఫా, కాఫీ, జీడిపప్పు బిస్కెట్లు. తన బేరాల ఖ్యాతి ఇంత దూరం పాకిందా అని బేరాలాయన లోలోపల పొంగిపోయాడు.

"ఎన్ని అనుకుంటున్నారు సార్?" అన్నాడు ఆఫీసరు.

సీట్ల గురించే అనుకున్నాడు ఈయన. "ఒక్కటే."

"మరీ ఒక్కటేనా సార్? పోనీ ఒక పది తీసుకోండి."

"ఒక్కదానికే గుండె గుభేలుమంటుంటే పదా?"

బట్టల కొట్లో అంటగట్టినట్టు వీళ్లు కూడా అంటగడతారన్నమాట అనుకుని బేరాలాయన బిగుసుకున్నాడు. ఏ చదువు అంటే కంప్యూటర్లన్నాడు. అమ్మాయా అబ్బాయా అంటే అమ్మాయన్నాడు. అప్పుడు ఆఫీసరు కాస్త నసిగి, ప్యాకేజీ ఎంతలో చూస్తున్నారని అడిగాడు. హాస్టలు, బస్సు, పుస్తకాలు కలిపి చెప్పమంటున్నాడని ఈయనకి అర్థమైంది.

"అన్నీ కలిపి ఏడాదికి రెండు లక్షలు. పైన దమ్మిడీ పెట్టను."

ఆఫీసరు మొహం చిన్నబోయింది. ఇంత పేరున్న సంస్థ, ఇన్ని భవనాలు, ఈత కొలను కూడా ఉంది, మరీ రెండంటే ఎలా అని గొణిగాడు. బేరాలాయన తన పాత అస్త్రం తీశాడు. కోటు దులుపుకుని సోఫాలోంచి సగం లేచాడు. ఆఫీసరు గాభరాగా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"కూర్చోండి సార్. రెండే ఖాయం చేద్దాం."

ఒకటిన్నర అని ఉండాల్సింది, తొందరపడ్డానని బేరాలాయన ఒక్క క్షణం బాధపడ్డాడు. తర్వాత వసారాలోకి వచ్చి ఇంటికి ఫోను చేసి, ఆరు లక్షల సీటు రెండింటికి పడగొట్టానని చెప్పాడు. స్థలం అమ్మే పని లేదనగానే బావమరిది తలనొప్పి అని పడుకున్నాడు. భార్య ఆగలేక ఆ కబురు కుడిపక్క ఇంట్లో చెప్పింది. అక్కడ చెబితే వీధిలో చెప్పినట్టే.

ఈలోగా ఆఫీసరు ఒక పొడుగాటి గదిలో పిల్లల్ని వరసగా కూర్చోబెట్టాడు. సరుకు నమూనాలు చూపిస్తున్నారనుకుని బేరాలాయన ఒక్కొక్కరినీ పిలిచి, ఇక్కడ చదువెలా ఉంది, పెట్టిన డబ్బు గిట్టుబాటవుతుందా అని అడిగాడు. ఉద్యోగమిచ్చే మనిషి అడుగుతున్నాడు గదా అని వాళ్లు ఈత కొలనుతో సహా పొగిడారు. చివరికి ఒక సన్నపాటి అమ్మాయిని ముందుకి తెచ్చి, ఈమె అన్నిటిలో మొదటిదని, ఏడాదిగా ఖాళీగా ఉందని ఆఫీసరు చెప్పాడు. ఆ రెండు మాటలూ ఒకే గొంతుతో ఎలా అనగలిగాడో ఈయనకి అర్థం కాలేదు. ఈమెనే ఖాయం చేద్దామా అంటే, అర్థం కానిచోట తల ఊపడం మంచిదని ఊపాడు.

ఆ అమ్మాయి అడిగింది. "సార్, రెండు లక్షల్లో కోతలు పోను నెలకి నా చేతికెంత వస్తుంది?"

"నీ చేతికెందుకమ్మా? ఇచ్చేది నేను కదా."

"మీరే సార్. ఇచ్చేది నాకే కదా?"

ఆఫీసరు చేతిలో కాగితం ఉంది. దాని నెత్తిన గొట్టాల కంపెనీ పేరు ఉంది. అది చూశాక గాని బేరాలాయనకి తను ఏం బేరమాడాడో తెలిసిరాలేదు. నేను మామూలు తండ్రిని బాబూ అని ఒక్క ముక్క చెబితే పోయేది. అంతలో డైరెక్టరు వచ్చి చెయ్యి కలిపి ఫొటో తీయించాడు, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ, తన చదువు కోసం వాళ్ల నాన్న వడ్రంగి షెడ్డు అమ్మేశాడని, ఇన్నాళ్లకి ఆయనకి మొహం చూపించగలనని అంది. బేరాలాయన నోటంట సోమవారం రా అమ్మా అన్న మాట తప్ప ఇంకొకటి రాలేదు. సంతకం కూడా పెట్టేశాడు.

ఆదివారం పొద్దున్నే వీధిలోని నలుగురు తండ్రులు ఆయన ఇంటి ముందు గదిలో కూర్చున్నారు. తమ పిల్లలకీ రెండు లక్షలకే మాట్లాడిపెట్టాలట. భార్య గర్వంగా కాఫీలు అందిస్తోంది. ఇప్పుడు నిజం చెబితే ఇరవయ్యేళ్ల బిరుదు మురిక్కాలవలో కలుస్తుంది. చూద్దాం, చూద్దాం అంటూ బేరాలాయన రోజంతా గోళ్లు కొరుక్కున్నాడు.

సోమవారం అందరికన్నా ముందు ఆఫీసుకి చేరి, ఆ అమ్మాయిని గేటు దగ్గరే బతిమాలి పంపేద్దామనుకున్నాడు. బస్సు దారిలో ఆగిపోయింది. ఆయన వెళ్లేసరికి అమ్మాయీ వాళ్ల నాన్నా ఓనరు గదిలో కూర్చుని ఉన్నారు. ఓనరు వాళ్లని బయట కూర్చోమని పంపి, తలుపు వేసి, కాగితం బల్ల మీద పడేశాడు.

"ఎవర్ని అడిగి మనుషుల్ని పెడుతున్నావయ్యా?"

ఉద్యోగం ఊడిందనుకుని బేరాలాయన జరిగినదంతా దాపరికం లేకుండా చెప్పేశాడు. ఓనరు ఒకచోట ఆపాడు. "ఆగు. రెండు లక్షలు నెలకి కాదూ? ఏడాదికా?"

"ఏడాదికేనండీ."

"ఇరవై నాలుగు లక్షలు పోసి చదివిన పిల్ల?"

"అవునండీ."

ఓనరు దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కంప్యూటర్ల మనిషి కోసం తను ఆరునెలలుగా వెతుకుతున్నాడని, వచ్చినవాడల్లా గోదాము చౌకీదారు కూడా ఒప్పుకోని జీతం అని మొహం చిట్లించి పోతున్నాడని చెప్పాడు. అమ్మాయిని ఆ పూటే పనిలో పెట్టాడు.

"రేపు మళ్లీ వెళ్లు. ఇంకో ముగ్గురిని చూడు. ఈసారి ఒకటిన్నర అను," అన్నాడు.

బేరాలాయన వెళ్లాడు. ఒకటిన్నర అన్నాడు. సగం లేచాడు. వాళ్లు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. మేళాకి వచ్చిన ఏకైక కంపెనీ మనిషిని ఎలాగైనా దక్కించుకోవాలని డైరెక్టరు ఆరాటపడుతున్నాడు. ఈయనకి కాలేజీ ఈడు కూతురుందని మాటల్లో తెలుసుకుని, అడక్కుండానే ఆమెకి సగం ఫీజుకి సీటు ఇస్తానన్నాడు.

సాయంత్రం ఇంట్లో భార్య, తలనొప్పి తగ్గిన బావమరిది, నలుగురు తండ్రులు ఎదురుచూస్తున్నారు. సగం ఫీజన్న మాట వినగానే భార్య మొహం వెలిగింది. బావమరిది వేళ్ల మీద లెక్క వేసి, సగమైనా స్థలం అమ్మక తప్పదని తేల్చి మరింత వెలిగాడు.

"చేర్పించడం లేదు," అన్నాడు బేరాలాయన.

"అదేంటి బావగారూ, ఇంత చవగ్గా వస్తుంటే? నాలుగేళ్లు ఓపిక పడితే జీతం ఎంతొస్తుందో ఆలోచించారా?"

"ఏడాదికి లక్షన్నర."

"మీకెవరు చెప్పారు?"

"చెప్పేదేముంది? ఇచ్చేది నేనే."

నలుగురు తండ్రులూ చెప్పులు వెతుక్కున్నారు. పిల్ల నామమాత్రపు ఫీజుతో ప్రభుత్వ కాలేజీలో కంప్యూటర్లలో చేరింది. గొట్టాల కంపెనీలో ఆ సన్నపాటి అమ్మాయి రోజూ ఈయన కనిపించగానే లేచి నిలబడి దండం పెడుతుంది. తనకి అన్నం పెట్టిన మనిషని ఆమె నమ్మకం. ఆ దండం తప్పించుకోవడానికి బేరాలాయన వెనక మెట్ల మీదుగా వెళుతున్నాడు.

వచ్చే ఏటి సీట్ల కోసం విశ్వవిద్యాలయం వాళ్లు నాలుగు రోడ్ల కూడలిలో పెద్ద బోర్డు పెట్టారు. దాని మీద బేరాలాయన నిలువెత్తు ఫొటో, కింద ‘మా చదువు విలువ తెలిసినవారు’ అన్న మాట.