మిక్సీ ఆగని ఇల్లు

పక్క గదిలోంచి ఎవరో ఒకరు విసుక్కుంటే తప్ప మిక్సీ ఆగని విశాఖపట్నంలో, బెహరా త్రినాథరావు ఒక ఆదివారం ఉదయం మాచా ప్రోటీన్ షేక్ చేసుకుందామని స్విచ్ నొక్కాడు. ఆ ఇంట్లో పక్క గది ఉంది. అందులో ఎవరూ లేరు.

ఈ నియమం నగరవాసులకు కొత్త కాదు. స్విచ్ కట్టేసినా, ప్లగ్గు పీకేసినా, వీధి మొత్తానికి కరెంటు పోయినా మిక్సీ తిరుగుతూనే ఉంటుంది. "అబ్బబ్బా, ఆపు ఆ గోల!" అని లోపలి గదిలోంచి ఒక కేక రావాలి. "అయిపోయింది, ఒక్క నిమిషం!" అని వంటింట్లోంచి సమాధానం వెళ్లాలి. అప్పుడు గానీ బ్లేడు నిలవదు. సంసారుల ఇళ్లలో ఇది రెప్పపాటులో జరిగిపోతుంది కనుక దాన్నొక నియమంగా కూడా ఎవరూ గుర్తించరు. త్రినాథరావు ఎదురు ఫ్లాటులో కొబ్బరి పచ్చడి ఏనాడూ మెత్తగా నలగలేదంటే, అది ఆ ఇంటి అత్తగారి సామర్థ్యమే.

త్రినాథరావుకు నలభై దాటాయి. ఓడరేవు దగ్గర ఒక ఎగుమతుల కంపెనీలో ఉద్యోగం. ఒంటరిగా ఉండడానికి చెప్పుకోదగిన కారణమేదీ లేదు. కొందరి విషయంలో అలా జరిగిపోతుంది, తరువాత అదే చిరునామా అవుతుంది. పచ్చళ్లు కర్రీ పాయింటు నుంచి తెచ్చుకునేవాడు. కంపెనీ వార్షికోత్సవంలో బహూకరించిన మిక్సీ అట్టపెట్టెతో సహా అటక మీద విశ్రమించేది. ఇంతలో జిమ్ములో శిక్షకుడు అతని భుజాలను కాసేపు పరిశీలించి, "మిమ్మల్ని మీరే చూసుకోవాలి సార్" అన్నాడు. తనను ఒకరు చూసుకోవాలన్న ప్రతిపాదన చాలాకాలం తరువాత చెవినబడటంతో త్రినాథరావు దాన్ని శాసనంగా స్వీకరించాడు.

ఏర్పాట్లు యజ్ఞానికి తగినట్టే జరిగాయి. మాచా అనే జపాను పచ్చ తేయాకు పొడిని టీ జాలీలో జల్లించాడు. మరిగిన నీళ్లు పోస్తే చేదెక్కుతుందని తెలుసుకుని, గోరువెచ్చని నీళ్లు కొద్దిగా పోసి, మజ్జిగ కవ్వంతో ఉండలు లేకుండా చిలికాడు. చల్లటి పాలు, అరటిపండు, వెనిలా వాసన వేసే ప్రోటీన్ పొడి, ఐసుముక్కలు జారులో వేసి మూత బిగించాడు. పాలసముద్రాన్ని చిలికినప్పుడు అటు దేవతలు, ఇటు రాక్షసులు ఉన్నారు. పాము తలవైపున విసుక్కోవడానికి కావలసినంత మంది ఉండబట్టే ఆ కార్యక్రమం ఎక్కడో ఒకచోట ఆగింది. ఈ సంగతి త్రినాథరావుకు స్విచ్ నొక్కిన తరువాత స్ఫురించింది.

మధ్యాహ్నానికి షేక్ అంతా పచ్చటి నురగై, మూతను పైకి తోసి, గట్టు మీదికి పాకింది. త్రినాథరావు శ్రీకాకుళంలో ఉన్న అక్క కాంచనకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి, ఫోన్‌ను పడకగదిలో దిండు మీద ఉంచి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఒరే తిర్నాదా, ఏట్రా ఆ సప్పుడు? వర్షమా?"

"మిక్సీ అక్కా. ఆగట్లేదు. ఒక్కపాలి గట్టిగా కసురుకో."

"ఒక్కడివీ సేసుకుని తాగుతన్నావా నాయినా! ఎంత కష్టం వచ్చీసిందిరా నీకు!"

"జాలిపడకక్కా. తిట్టు."

"నిన్నెలాగ తిడతానురా? ఎవులున్నారు నీకు?"

జాలి తగిలితే మిక్సీ వేగం ఒక అంకె పెరుగుతుంది. పెరిగింది.

మర్నాడు అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి వచ్చి పరిస్థితిని మర్యాదగా వివరించాడు. మిక్సీ ఆగలేదంటే ఆ ఇంట్లో విసుక్కునే మనిషి లేడని అర్థం. విసుక్కునే మనిషి లేనిది ఖాళీ ఇల్లు. ఖాళీ ఇంటికి మనుషులను వెతకడం సంఘం విధి. వచ్చే ఆదివారానికల్లా మిక్సీ ఆగకపోతే కొత్తవాళ్లు దిగుతారు.

"నేనున్నాను కదండీ" అన్నాడు త్రినాథరావు.

"మీరున్నారండి. కాదనను. ఇంట్లో ఎవరున్నారన్నదే ప్రశ్న."

బుధవారం ఒక జంట ఇల్లు చూడటానికి వచ్చింది. గాలి బాగా వస్తోందని భార్య అంది. వంటింట్లో నిలబడిన త్రినాథరావును గోడ అలమరను చూసినట్టు చూసి, భర్త పక్కకు జరిగాడు. "ఈ గోల మీరు దిగగానే ఆగిపోతుందండి" అని కార్యదర్శి వాళ్లకు హామీ ఇచ్చాడు. ఆమె కిటికీ దగ్గర ఆగి, ఇక్కడ తులసికుండీ పెట్టుకోవచ్చంది. త్రినాథరావు మొహమాటపడి, పెట్టుకోవచ్చన్నాడు.

శుక్రవారం నగరపాలక సంస్థలోని గృహ విసుగు విభాగం నుంచి లెంక నరసమ్మ అనే ఇన్‌స్పెక్టరు వచ్చింది. పాతికేళ్ల సర్వీసులో విసుక్కోని రోజు లేని మనిషి. వంటింటి గడపలో నిలబడి పచ్చటి నురగను తేరిపార చూసింది.

"ఇదేటి బాబూ, గోరింటాకు నూరతన్నావా?"

"బలానికండి."

"బలానికా! ఎవుల్తో కుస్తీకెల్తావు?"

ఆమె పడకగదిలో కుర్చీ వేసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, "ఆపవయ్యా ఆ రోద!" అని అరిచింది. మూడో అంతస్తులో ఎవరిదో టీవీ ఆగిపోయింది. మిక్సీ ఆగలేదు.

"ఆగదని తెలుసు. జీతానికి ఇసుక్కుంటే దానికి తెలిసిపోద్ది. సాయంత్రానికి ఎల్లిపోయేదాన్ని కదా నేను. ఎల్లిపోయేవోళ్ల ఇసుగు నిలబడదు."

"మరి మీ విభాగం ఎందుకండీ?"

"ప్రయత్నించామని చెప్పడానికి." ఆమె లేచి, కుర్చీని అతని వైపు తిప్పింది. "నువ్వే కూకో. ఒంటరోల్లంతా ఆకరికి అదే సేస్తారు. నీ మీద నువ్వే ఇసుక్కోవాల. నటిస్తే మాత్రం ఆగదు."

త్రినాథరావు కూర్చుని, గొంతు సవరించుకుని, "కాస్త ఆపండి" అన్నాడు.

"నీతో నువ్వు 'అండీ' ఏటయ్యా?"

"పెద్దగా పరిచయం లేదండి" అన్నాడతను.

శనివారమంతా త్రినాథరావు ఆ కుర్చీలో సాధన చేశాడు. మొదట బతిమాలాడు. తరువాత ఆఫీసులో పై అధికారి మాటతీరు అరువు తెచ్చుకుని చూశాడు. మిక్సీ తిరుగుతూనే ఉంది. చీకటి పడే వేళకు కింద లారీ ఆగింది; కొత్తవాళ్ల సామాను ఒకరోజు ముందే వచ్చింది. తులసికుండీని ఎవరో జాగ్రత్తగా దించుతున్నారు. అది చూసి త్రినాథరావుకు ఆ జంట మీద కోపం రాలేదు. పెట్టుకోవచ్చన్నవాడి మీద వచ్చింది.

"ఎవడికోసంరా ఆ షేకు?" అని అరిచాడు. "ఏ భుజాలు ఎవడు చూస్తాడని? ఇన్నేళ్లలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నీ తలుపు తట్టాడా? ఆపు!"

వంటింట్లోంచి, అతని గొంతుతోనే, కాస్త జంకుతున్నట్టుగా, "అయిపోయింది, ఒక్క నిమిషం" అని వినబడింది.

మిక్సీ ఆగింది.

నిబంధనల ప్రకారం ఇంట్లో ఇద్దరున్నట్టు తేలింది కనుక కార్యదర్శి అభినందనలు తెలిపి లారీని తిప్పి పంపాడు. త్రినాథరావు షేక్‌ను గ్లాసులో పోసుకుని నిలబడే తాగాడు. వారమంతా తిరిగినందువల్ల అది వేడిగా, చేదుగా ఉంది.

ఆనాటి నుంచి పడకగదిలోని గొంతు మిక్సీకే పరిమితం కాలేదు. చొక్కా ఇస్త్రీ గురించి, ఆఫీసులో అన్న మాట గురించి, అనని మాట గురించి, అద్దం ముందు ఆలస్యం గురించి అది కసురుతూనే ఉంటుంది. త్రినాథరావు అన్నిటికీ "అయిపోయింది, ఒక్క నిమిషం" అంటాడు. ఇంట్లో మనిషి ఉన్నట్టు ఉందని అక్కతో చెప్పాడు. అక్క సంతోషించింది.

అయితే కొన్ని ఉదయాలు ఆ గొంతు కూడా పలకదు. అలాంటప్పుడు అతను పాలు గానీ పొడి గానీ వేయకుండా, ఖాళీ జారుకు మూత బిగించి, స్విచ్ నొక్కి, పడకగది వైపు చెవి ఒగ్గి నిలబడతాడు. ఖాళీ జారు చప్పుడు వేరేగా ఉంటుంది; విన్నవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ వేళకు వీధి పొడవునా, ఇటువైపు అపార్ట్‌మెంట్లలోనూ అటువైపు అపార్ట్‌మెంట్లలోనూ, అదే చప్పుడు వినబడుతూ ఉంటుంది. దాని గురించి ఇంతవరకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు.